ఎడారిలో ఎవరుంటారు అని అడిగిన అన్నయ్యకి

ఇప్పుడే ఇంటికొచ్చాను. చీర కూడా మార్చుకోలేదు. ఇది రాసేస్తే గానీ నిద్ర పట్టదు.

ఇవాళ మా సబర్బ్‌లో ఒక పాప మొదటి పుట్టినరోజు. సిడ్నీ పశ్చిమాన ఉండే మన తెలుగు కుటుంబాలు ముప్పై దాకా వచ్చాయి. భోజనాలయ్యాక, మేమందరం అన్నయ్యా అని పిలిచే ఒకాయన ఫోన్ పట్టుకుని టేబుల్ టేబుల్‌కీ తిరుగుతున్నారు. రేడియోధార్మిక వ్యర్థాలు మోసే ట్రక్కులు మన రోడ్ల మీదికి రాకూడదు, నిల్వ కేంద్రం మన రాష్ట్రంలో ఎక్కడా ఉండకూడదు అని పిటిషన్. "అమ్మా, నువ్వూ ఒక సంతకం పెట్టు" అన్నారు. నేను మొత్తం చదివి "మరి ఎక్కడ పెట్టాలి అన్నయ్యా?" అని అడిగాను.

"అసలు ఈ దేశంలో ఒక్క అణు విద్యుత్ కేంద్రమైనా ఉందా? మనకి ఈ చెత్త ఎక్కడిదమ్మా? ఉంటే గింటే ఎడారిలో పెట్టుకోమను. అంత ఎడారి పడి ఉంది. ఎడారిలో ఎవరుంటారు?"

పక్కనున్నవాళ్ళు తలూపారు. ఒక్కరు కూడా అదేంటి అనలేదు. చేతిలో ఉన్న గులాబ్ జామూన్ గిన్నె అక్కడే పెట్టేసి బయటికొచ్చేశాను. కారులో కూర్చున్నాక చూసుకుంటే చేతులు వణుకుతున్నాయి.

మనకి ఈ చెత్త ఎక్కడిది అన్నారు కదా. నా ఒంట్లోది అన్నయ్యా. మొదట అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

మీలో కొందరికి తెలుసు, నాకు థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ అయ్యాక రేడియో అయోడిన్ మాత్ర ఇచ్చారు. సీసపు డబ్బాలో తెచ్చారు ఆ మాత్రని. నేను మింగగానే తెచ్చినావిడ గది బయటికి వెళ్ళిపోయింది. రెండు రోజులు ఒక్కదాన్నే ఆ గదిలో. ఫోన్‌కి ప్లాస్టిక్ కవరు, తలుపు గడియకి ప్లాస్టిక్ కవరు. మా అమ్మాయికి అప్పుడు నాలుగేళ్ళు, వీడియో కాల్‌లో "అమ్మా, ఎందుకు రావట్లేదు" అని ఏడుస్తుంటే ఏం చెప్పాలో తెలియలేదు. ఇంటికొచ్చాక కూడా కొన్నాళ్ళు దాన్ని పక్కలో పడుకోబెట్టుకోవద్దన్నారు. ఆ రోజుల గురించి ఇంతవరకు ఎక్కడా రాయలేదు, ఇవాళ రాయాల్సి వచ్చింది.

ఆసుపత్రిలో నేను వాడిన దిండు గలీబు, తువ్వాలు ఒక సంచిలో కట్టారు. ఎక్కడికి తీసుకెళ్తారు అని అడిగాను. తాళం వేసిన గదిలో పెడతారట. ఆ అయోడిన్ ఎనిమిది రోజులకి సగమవుతుంది, ఇంకో ఎనిమిది రోజులకి అందులో సగం. దాదాపు మూడు నెలలు అలా ఉంచి, మీటరుతో కొలిచి, ఏమీ లేదని తేలాకే మామూలు చెత్తతో పాటు పంపుతారు. గుండె స్కాన్‌కీ ఎముకల స్కాన్‌కీ వాడే టెక్నీషియం అయితే ఇంకా త్వరగా పోతుంది, ఆరు గంటలకే సగం. రెండేళ్ళ కింద అన్నయ్య గుండె స్కాన్ చేయించుకున్నారు. ఆయనే అందరికీ చెప్పారు, ఎంత బాగా చూసుకున్నారో అని.

ఆ మందు పోతుంది. కానీ ఆ మందు చేసిన చోట మిగిలేది పోదు. టెక్నీషియంగా మారే మాలిబ్డినం, నా అయోడిన్, ఇవన్నీ ఈ దేశంలో ఎక్కువగా తయారయ్యేది సిడ్నీ దక్షిణాన ఉన్న లూకస్ హైట్స్‌లో. మా ఇంటి నుంచి కారులో గంట కూడా పట్టదు. అక్కడ 1958 నుంచి 2007 దాకా హైఫార్ అనే పరిశోధన రియాక్టర్ నడిచింది. 2007లో ఓపల్ వచ్చింది, 20 మెగావాట్లది. కరెంటు చేయదు, మందులు చేస్తుంది, పరిశోధనలకి వాడతారు. వాడేసిన ఇంధనం ఉంటుంది, యురేనియం పలకలు కరిగించి మాలిబ్డినం తీసేసిన తర్వాత మిగిలిన ద్రావకం ఉంటుంది, గ్లౌజులు, ఫిల్టర్లు, గొట్టాలు ఉంటాయి. ఆ ఇంధనాన్ని శుద్ధి చేయడానికి ఫ్రాన్స్‌కీ బ్రిటన్‌కీ పంపితే, అందులోంచి తేలిన వ్యర్థం 2015లో ఫ్రాన్స్ నుంచి, 2022లో బ్రిటన్ నుంచి ఓడల్లో మళ్ళీ మన దగ్గరికే వచ్చింది. రాక ఎక్కడికి పోతుంది? మనం వాడుకున్నదే కదా.

అది కాక ఒకప్పుడు క్యాన్సర్ వైద్యానికి వాడిన రేడియం సూదులు, గనుల్లో వాడే గేజ్‌లు (రేడియోధార్మిక గుళిక ఉండే కొలత పరికరాలు), యూనివర్సిటీల ల్యాబుల్లో మిగిలిపోయినవి. దేశం మొత్తం మీద వందకి పైగా చోట్ల ఉంది ఈ సరుకు. ఆసుపత్రుల్లో, కాలేజీల్లో, స్టోర్ రూముల్లో. దక్షిణ ఆస్ట్రేలియాలోని వూమెరాలో దాదాపు పదివేల డ్రమ్ములు ముప్పై ఏళ్ళుగా షెడ్లలో ఉన్నాయి, తాత్కాలికంగా అని చెప్పి 1990ల్లో తీసుకెళ్ళి పెట్టినవి. నాలుగు దశాబ్దాలకి పైగా దేశమంతటికీ ఒక శాశ్వత స్థలం వెతుకుతూనే ఉన్నారు. ఒక్క చోటు తేలలేదు.

ట్రక్కు మన రోడ్డు మీదికి వస్తుందని భయపడేవాళ్ళు 2023 జనవరి గుర్తు తెచ్చుకోండి. పశ్చిమ ఆస్ట్రేలియాలో రియో టింటో గని నుంచి పెర్త్‌కి తీసుకెళ్తున్న గేజ్‌లోంచి సీజియం-137 గుళిక ఒకటి దారిలో పడిపోయింది. 8 మిల్లీమీటర్ల పొడుగు, 6 మిల్లీమీటర్ల వెడల్పు, శనగ గింజంత. 1,400 కిలోమీటర్ల దారి. జనవరి 12న బయల్దేరితే, డబ్బా తెరిచి గుళిక లేదని చూసుకున్నది జనవరి 25న! పదమూడు రోజులు అది పోయిందనే ఎవరికీ తెలియదు. ఏ పిల్లాడి జేబులోకైనా వెళ్ళి ఉంటే? ఫిబ్రవరి 1న న్యూమన్‌కి దక్షిణంగా రోడ్డు పక్కన దొరికింది, అదృష్టం. దీనికి అప్పట్లో ఆ రాష్ట్ర చట్టంలో ఉన్న గరిష్ఠ జరిమానా వెయ్యి డాలర్లు, పైన రోజుకి యాభై. వెయ్యి డాలర్లు! మా వీధిలో ఒకాయన చెట్టు కొట్టేస్తే కౌన్సిల్ వేసిన జరిమానా అంతకంటే ఎక్కువ. మన కడుపు మండాల్సింది దీనికి. పిటిషన్ పెట్టాల్సింది దీని మీద.

పైగా ఎవరు చూడాలో కూడా ఒక్క చోట లేదు. కేంద్ర సంస్థలకి ఆర్పాన్సా అనే నియంత్రణ సంస్థ, మిగతావాటికి ఆరు రాష్ట్రాలకి ఆరు, రెండు టెరిటరీలకి రెండు. మొత్తం తొమ్మిది చోట్ల తొమ్మిది రకాలు. బ్రిస్బేన్ నుంచి సిడ్నీకి మారినప్పుడు మేం కారు రిజిస్ట్రేషన్ మార్చుకోడానికి పడ్డ తిప్పలు నాకింకా గుర్తే. కారుకే అంత టెన్షన్ అయితే, ముప్పై ఏళ్ళకి గానీ సగం కాని సీజియం సంగతి ఆలోచించండి.

అణు విద్యుత్ లేదు కాబట్టి మనకేం కాదు అనుకునేవాళ్ళకి ఒక్క థాయిలాండ్ చాలు. అక్కడా అణు విద్యుత్ లేదు. 2000లో సముత్ ప్రాకాన్‌లో, క్యాన్సర్ వైద్యానికి వాడి పక్కన పడేసిన కోబాల్ట్-60 యంత్రం భాగాలు పాత ఇనుప సామాను వాళ్ళ చేతిలో పడ్డాయి. అదేంటో వాళ్ళకి తెలియదు, కోసేశారు. పదిమందికి రేడియేషన్ జబ్బు, అందులో ముగ్గురు చనిపోయారు. రియాక్టర్ పేలలేదు, బాంబు పడలేదు. ఎవరో ఒక యంత్రాన్ని పార్కింగ్ స్థలంలో వదిలేశారు, అంతే. మళ్ళీ 2023లో ప్రాచిన్‌బురిలో ఒక విద్యుత్ కేంద్రం నుంచి సీజియం గొట్టం మాయమైంది. ఇనుము కరిగించే ఫ్యాక్టరీ ధూళిలో సీజియం కనిపించాకే అది ఏమైపోయిందో అర్థమైంది.

నార్వేలో కూడా అణు విద్యుత్ లేదు. ఉన్నవి ఆసుపత్రులు, ఆయిల్ కంపెనీలు, 2019కల్లా మూసేసిన పరిశోధన రియాక్టర్లు. వాళ్ళు హిమ్‌డాలెన్ అనే చోట కొండ లోపల సొరంగం తవ్వి, 1999 నుంచి తమ వ్యర్థాన్ని అక్కడ పెట్టుకుంటున్నారు. రాజధాని ఓస్లోకి పెద్ద దూరం కాదు. మందు మాది, చెత్త కూడా మాదే అనుకున్నారు.

ఇక రెండో మాటకి వస్తాను. ఎడారిలో ఎవరుంటారు?

ఉంటారు అన్నయ్యా. వేల తరాలుగా ఉన్నారు.

1953 అక్టోబరులో బ్రిటన్ దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రపు ఎడారిలో, ఎమూ ఫీల్డ్‌లో, అణుబాంబు పరీక్ష చేసింది. ఆ తర్వాత మరలింగాలో 1956, 57ల్లో ఏడు. అప్పుడు కూడా ఎడారిలో ఎవరూ లేరన్నట్టే చేశారు. నల్లటి పొగమంచు తమ మీదికి కమ్ముకొచ్చిందని, తర్వాత తన చూపు పోయిందని అక్కడి ఆదివాసి యామీ లెస్టర్ చెప్పారు. అప్పటికి ఆయన చిన్న పిల్లాడు. ఆ మాట వినడానికి, దాని మీద విచారణ సంఘం వేయడానికి 1984 దాకా పట్టింది. ముప్పై ఏళ్ళు!

అదే రాష్ట్రంలో, అదే ఎడారిలో, 1998లో వ్యర్థాల కేంద్రం పెడతామన్నారు. అక్కడి కూబర్ పీడీ ఊరి ఆదివాసి ముసలమ్మలు, బాంబు పొగ సంగతి స్వయంగా తెలిసినవాళ్ళు, ఆరేళ్ళు ఊరూరా తిరిగి మాకొద్దు అని చెప్పారు. 2004లో ఆపారు. తర్వాత ఉత్తర టెరిటరీలో మకాటీ, టెనెంట్ క్రీక్‌కి ఉత్తరాన. ఒక్క కుటుంబ వర్గం ఒప్పుకుందని అందరి భూమినీ రాసేసుకోబోయారు, మిగతావాళ్ళు కోర్టుకెళ్ళారు, విచారణ సగంలో ఉండగా 2014లో ప్రభుత్వమే వెనక్కి తగ్గింది. తర్వాత కింబా.

నాకు అన్నిటికంటే గుచ్చుకునేది కింబా. దక్షిణ ఆస్ట్రేలియాలో గోధుమ పండించే చిన్న ఊరు. 2019లో అక్కడ ఓటింగ్ పెట్టారు, 61 శాతానికి పైగా సరే అన్నారు. కానీ ఆ నేల సంప్రదాయ హక్కుదారులైన బార్న్‌గార్లా ఆదివాసుల్లో చాలామందికి ఓటు లేదు, ఎందుకంటే వాళ్ళు ఆ కౌన్సిల్ పరిధిలో నివసించడం లేదు. ఎందుకు నివసించడం లేదు? తరతరాలుగా అక్కణ్ణుంచి వెళ్ళగొట్టింది ఎవరు? వాళ్ళు సొంతంగా ఓటింగ్ పెట్టుకున్నారు. వద్దు అని 83 ఓట్లు. కావాలి అని ఒక్కటి కూడా లేదు. అయినా 2021లో కింబానే ఖాయం చేశారు. 2023 జూలైలో ఫెడరల్ కోర్టు న్యాయమూర్తి నటాలీ చార్ల్స్‌వర్త్ ఆ నిర్ణయాన్ని కొట్టేశారు. మంత్రి ముందే మనసులో నిర్ణయించేసుకున్నట్టు కనిపిస్తోందన్నది కారణం. ఆగస్టులో ప్రభుత్వం కింబాని వదులుకుంది.

ఇవన్నీ జరిగిన దేశంలో, పదిహేనేళ్ళుగా ఇక్కడ పౌరుడిగా ఉన్న మనిషి, ఎడారిలో ఎవరుంటారు అంటున్నారు. మన పిల్లలు స్కూల్లో రోజూ ఈ నేల అసలు హక్కుదారులకి నమస్కారం చెప్పి క్లాసు మొదలుపెడతారు. వాళ్ళ నాన్నలకి ఆ హక్కుదారులు కనపడరు.

నాకింత మంట ఎందుకో చెబుతాను. మాది అచ్చంపేట. 2019లో నల్లమలలో, అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో 83 చదరపు కిలోమీటర్లలో యురేనియం కోసం వెతుకుతామన్నారు. ఊళ్ళకి ఊళ్ళు రోడ్డెక్కాయి. ఆ రోజుల్లో నేను సెలవు మీద ఇంటికెళ్ళి, హైదరాబాద్‌లో ఒక పెళ్ళికి వెళ్ళాను. మా దగ్గరి బంధువు ఒకాయన, ఇంజనీరు, మంచివాడే, అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది. "అడవిలో ఎవరున్నారమ్మా, చెంచులు తప్ప."

చెంచులు తప్ప! మా చిన్నప్పుడు తేనె తెచ్చిచ్చిన మనుషులు. శ్రీశైలం మల్లన్నని అల్లుడా అని పిలుచుకునే మనుషులు. వాళ్ళు ఉన్నా లేనట్టే. ఆ రోజు పెద్దవాళ్ళ ముందు మాట్లాడలేక నోరు మూసుకున్నాను. ఐదేళ్ళు దాటినా ఆ మౌనం నన్ను వదల్లేదు. ఆ సెప్టెంబరులోనే తెలంగాణ శాసనసభ నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది, ఆ రాత్రి మా అమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. ఇవాళ అదే మాట, వేరే ఖండంలో, వేరే నోటి నుంచి. అందుకే గిన్నె పెట్టేసి వచ్చేశాను.

నేను వ్యర్థాన్ని చూసి భయపడి రాయడం లేదు. నా ప్రాణం నిలబెట్టింది ఆ రియాక్టరే. సరిగ్గా కాంక్రీటులో పెట్టి, కాపలా పెట్టి, లెక్క రాసి ఉంచితే పక్కనే ఉన్నా నాకు పర్వాలేదు. లెక్క లేకుండా ఏదో స్టోర్ రూములో ఉన్నదంటేనే భయం. అమెరికా, బ్రిటన్‌లతో అణు జలాంతర్గాముల ఒప్పందం చేసుకున్నారు కదా, వాటిలో వాడేసిన ఇంధనాన్ని కూడా ఆస్ట్రేలియాయే దాచుకోవాలి. ఆసుపత్రి గ్లౌజులకే చోటు చూపించలేని దేశం వేల ఏళ్ళు కాపాడాల్సిన దాన్ని ఎక్కడ పెడుతుంది? నాకు తెలుసు ఎక్కడ పెడదామంటారో. మీకూ తెలుసు.

సిడ్నీ, మెల్‌బోర్న్ మనుషులం ఈ స్కాన్లు ఎక్కువ చేయించుకుంటాం. కాబట్టి మొదట అడగాల్సింది మనల్ని. మా కౌన్సిల్లో స్థలం చూడండి, మా రోడ్డు మీద ట్రక్కు రానివ్వండి, ఒకే చట్టం చేయండి, పోగొట్టినవాడికి వెయ్యి డాలర్లు కాదు, కంపెనీ మూతపడేంత జరిమానా వేయండి. అలా రాసిన పిటిషన్ తెస్తే ముందు నేనే సంతకం పెడతాను, ఇల్లిల్లూ తిరుగుతాను.

ఇది రాస్తుండగానే అన్నయ్య మళ్ళీ లింక్ పంపారు. కింద ఒక మాట: "అందరూ పెట్టారమ్మా, నువ్వొక్కదానివే మిగిలావు."

నేను పెట్టను అన్నయ్యా. వచ్చే గురువారం నాకు మళ్ళీ స్కాన్ ఉంది.