రాబందుల్ని ప్రకృతే చూసుకుందా?

"వెటర్నరీ చదివి వన్యప్రాణుల వైపు వెళ్లేవాళ్లకు ఐదు చేదు నిజాలు" అని ఒక మెసేజ్ తిరుగుతోంది. ఈ వారంలో నలుగురు స్నేహితులు నాకు పంపారు. అంతవరకూ ఊరుకున్నాను. నిన్న ఫైనలియర్ అమ్మాయి ఒకరు "ఇదంతా నిజమేనా సార్, టెన్షన్‌గా ఉంది" అని అడిగింది. ఇక ఊరుకోలేను.

పనంతా మత్తు డార్ట్ కొట్టడమేనట. కొట్టడం క్షణం పని. జంతువు పడ్డాక కళ్లకు గంత కట్టాలి, ఊపిరి లెక్కపెట్టాలి, ఒంటి వేడి పెరుగుతుంటే నీళ్లు పోయాలి, రక్తం తీయాలి, లేచేదాకా కాపలా కాయాలి. తరిమి పట్టిన జింక బాగానే లేచి వెళ్లినా, కండరాలు దెబ్బతిని కొన్ని రోజులకు చనిపోవచ్చు.

జంతువులంటే ప్రేమ ఉంటే చాలు, లెక్కలు అక్కర్లేదట. తప్పు. స్టాటిస్టిక్స్ రాకుండా పరిశోధన లేదు.

ముప్పై దాటితే ఆలస్యమట. ఆవులకు, కుక్కలకు వైద్యం చేసిన ఏళ్లు ఇక్కడ అక్కరకొస్తాయి.

నాలుగోది చూస్తే ఒళ్లు మండింది: "అడవిలో జబ్బుల్ని ప్రకృతే చూసుకుంటుంది, డాక్టర్‌కు పని లేదు." 1990లలో మన రాబందులు చస్తుంటే ప్రకృతి ఏం చూసుకుంది? తెల్లవీపు రాబందుల్లో 99 శాతానికి పైగా పోయాయి. చనిపోయిన పక్షిని కోస్తే కిడ్నీల మీద, కాలేయం మీద సున్నం పూసినట్టు తెల్లటి పూత. అంటువ్యాధేమో అని వెతికారు, దొరకలేదు. అప్పుడు లిండ్సే ఓక్స్ అనే పశువైద్యుడి బృందం వేరే ప్రశ్న వేసింది: ఈ రాబందులు తినే పశువులకు ఏ మందులు వేస్తున్నారు? ఆ తెల్లపూత ఉన్న 25 పక్షులను పరీక్షిస్తే 25లోనూ డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు దొరికింది. పూత లేని 13లో ఒక్కదాంట్లోనూ లేదు. 2004లో ఆ ఫలితం అచ్చయింది, 2006లో పశువులకు ఆ మందు వాడకాన్ని నిషేధించారు. బదులుగా రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ అనే మందు ఉందని తేల్చిందీ పరీక్షలే. ఇది డాక్టర్ పని కాకపోతే మరెవరి పనో ఆ మెసేజ్ రాసినవాళ్లు చెప్పాలి. ఒక పిల్ల ఇది నమ్మి దారి మార్చుకుంటే ఆ నష్టం ఎవరు పూడుస్తారు?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆ డైక్లోఫెనాక్ పశువులకు వేసినవాళ్లలో మా వృత్తివాళ్లే ఉన్నారు. నొప్పి తగ్గాలనే వేశారు. ఆ పశువు చచ్చాక దాన్ని ఎవరు తింటారో మేం అడగలేదు.

ఐదోది జీతం తక్కువ, ఉద్యోగాలు కొన్నే అని. అది నిజమే. చాలా పోస్టులు ప్రాజెక్టు డబ్బు ఉన్నంతవరకే. ఇంట్లో అప్పు ఉంటే ముందు అది చూసుకోమనే చెబుతాను.

అమ్మా, నువ్వు అడిగావు కాబట్టి చెబుతున్నా. ఈసారి పోస్టుమార్టం క్లాసు ఎగ్గొట్టకు. కిడ్నీని చేతిలోకి తీసుకుని, మామూలుగా ఉంటే ఎలా ఉంటుందో బాగా చూసి పెట్టుకో.