వీపున వేసే అమ్ములపొది సినిమా వేషం కాదు

వీపున తగిలించుకునే తోలు అమ్ములపొది సినిమాల కోసం పుట్టిందే, అసలు విలుకాళ్లు వాడలేదు, ముందుకు వంగితే బాణాలు జారతాయి అని మీరు రాశారు, అది సగమే నిజం. 1545లో మునిగిన ఇంగ్లండు ఓడ మేరీ రోజ్‌లో 24 చిల్లులున్న గుండ్రటి తోలు బిళ్లలు దొరికాయి, బాణాల ఈకలు నలగకుండా వాటిని వీపు పొదిలో కాక సంచిలో అమర్చేవారు, కాబట్టి ఆ సైనికుల వరకూ మీ మాట సరే. కానీ అమెరికాలో హోవర్డ్ హిల్ లాంటి వేటగాళ్లు 20వ శతాబ్దంలో వీపు పొదితోనే అడవుల్లో తిరిగారండీ!

నేను ఇక్కడ అమెరికాలోని మిషిగన్‌లో లాంగ్‌బో (పొడవాటి విల్లు) నేర్చుకుంటూ నా పొది నేనే కుట్టుకున్నాను. మొదటిది దళసరి తోలుతో గొట్టంలా చేశాను, నడిస్తే చాలు లోపల బాణాలు గలగలలాడేవి. రెండోదానికి మెత్తటి తోలు తీసుకున్నాను, భుజాన వేసుకోగానే అది బాణాల చుట్టూ ముడుచుకుని వాటిని పట్టేస్తుంది, అడుగున ఉన్ని ఉన్న గొర్రెతోలు ముక్క వేశాక మొనల చప్పుడూ పోయింది. ముందుకు వంగితే బాణాలు జారతాయన్న మీ ఫిర్యాదు కూడా చాలావరకు గట్టి గొట్టం పొదులకే వర్తిస్తుంది.

కుట్టు అంటారా, చెప్పులు కుట్టే ఆరెతో ముందు చిల్లు పొడవాలి. మైనం పట్టించిన ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు, ప్రతి చిల్లులోనూ రెండూ ఎదురెదురుగా దాటాలి. ఒకచోట దారం తెగినా మిగతా వరస ఊడిపోదు, మామూలు మిషన్ కుట్టుకి ఆ బలం రాదు. వేళ్లు కాయలు కాచాయి, అయినా ఇంకొకటి మా అబ్బాయి కోసం మొదలుపెట్టాను.