మిల్టన్ గ్లేసర్ పోస్టర్‌కు మడతలే ఆనవాలు

పాత పోస్టర్లు కొనేవాళ్లు చాలామంది ముందుగా అడిగేది మడతల గురించే. ఉన్నాయంటే ధర తగ్గించమంటారు. మామూలుగా ఆ బేరం సబబే. కానీ అమెరికన్ గ్రాఫిక్ డిజైనర్ మిల్టన్ గ్లేసర్ వేసిన గాయకుడు బాబ్ డిలన్ పోస్టర్ దగ్గర ఈ లెక్క తిరగబడుతుంది.

1966లో గ్లేసర్ దాన్ని గ్యాలరీ కోసం వేయలేదు. 1967లో కొలంబియా రికార్డ్స్ తెచ్చిన డిలన్ గ్రేటెస్ట్ హిట్స్ ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) కొన్నవాళ్లకు కవర్‌లో పెట్టి ఇవ్వడానికి వేశారు. పోస్టర్ పొడవు 33 అంగుళాలు, వెడల్పు 22. ఎల్పీ కవర్ చూస్తే అటూ ఇటూ దాదాపు 12 అంగుళాలే. మడవకపోతే అందులో పట్టదు. అంటే ఆ మడతలు తర్వాత ఎవరి నిర్లక్ష్యం వల్లో పడినవి కావు, పోస్టర్‌తోపాటు పుట్టినవి. కాబట్టి మడత జాడే లేని ప్రతి కనబడితే సంబరపడకముందు అది ఏ దారిన వచ్చిందో అడగాలి. కవర్‌లోకి వెళ్లకుండా పక్కకు వచ్చిన ప్రతా, తర్వాతెప్పుడో వేసిన పునర్ముద్రణా, లేక మడతల మీద రంగులద్ది మాయం చేశారా?

ఆ బొమ్మ బలమంతా దాని పొదుపులో ఉంది. తెల్లటి నేపథ్యం, నల్లటి పక్కముఖం, దానిమీద మెలికలు తిరుగుతూ లేచే రంగురంగుల జుట్టు. పక్కముఖం ఆలోచనకు ఫ్రెంచ్ కళాకారుడు మార్సెల్ డ్యూషాం స్వీయచిత్రం, జుట్టు వంపులకు ఇస్లామిక్ చిత్రకళ ప్రేరణ అని గ్లేసరే చెప్పారు. కింద పేరు రాసిన అక్షరాలు కూడా ఆయన సొంత రూపకల్పనే.

ఇలాంటి పాత ప్రతిలో మడతలు ఒకదాన్నొకటి దాటే చోటును దగ్గరగా చూడండి. సిరా పగిలి, లోపలి కాగితం నార తెల్లగా బయటపడి ఉంటుంది. మూలల్లో గుండుసూది రంధ్రాలు, ఒక్కోసారి టేపు వదిలిన పసుపు మచ్చ. ఎవరో దాన్ని తమ గది గోడకు పెట్టుకున్నారనడానికి అంతకన్నా రుజువేముంటుంది? సుమారు 60 లక్షల ప్రతులు అచ్చయ్యాయంటారు. అరుదైనది కావడం వల్ల కాదు, అన్ని ఇళ్లలోకి వెళ్లడం వల్లే అది ఆ కాలానికి గుర్తయింది. సేకరించే మనిషి కాపాడాల్సింది కూడా ఆ చరిత్రనే.

అందుకే అతి మరమ్మతును నేను ఒప్పుకోను. చిరుగుతున్న కాగితాన్ని గంజితో గుడ్డకు అతికించి నిలబెట్టడం వేరు, అది అవసరమైతే చేయాల్సిందే. పగిలిన గీతల మీద కొత్త రంగు పూసి నిన్న అచ్చయినట్టు చేయడం వేరు. వేడి జిగురుతో అట్టకు అంటించడం ఇంకా ఘోరం. దాన్ని మళ్లీ వెనక్కి తీయడం దాదాపు అసాధ్యం.

సంతకం మోజు కూడా మార్కెట్‌ను పక్కదారి పట్టిస్తోంది. పునర్ముద్రణ మీదా సంతకం చేయవచ్చు. ఆ ప్రతి ఎప్పుడు అచ్చయిందో సంతకం చెప్పదు. గ్లేసర్ 2020లో, సరిగ్గా తన 91వ పుట్టినరోజున కన్నుమూశారు. ఇక కొత్త సంతకాలు రావు కనుక పాతవాటికి గిరాకీ పెరగడం సహజమే. అయినా కాగితం వయసు, అచ్చు తీరు, చేతులు మారిన వివరం ముందు చూసి, సంతకాన్ని చివర చూడాలి.

న్యూయార్క్ మీద 2001 సెప్టెంబరు దాడుల తర్వాత గ్లేసర్, 'లవ్' అన్న మాట బదులు ఎర్రటి హృదయం ఉండే తన 'ఐ లవ్ న్యూయార్క్' గుర్తును తిరగరాశారు. 'మునుపెన్నటికన్నా ఎక్కువగా' అన్న మాట చేర్చి, ఆ హృదయం అంచున కాలిన మచ్చ పెట్టారు. డైలీ న్యూస్ పత్రిక దాన్ని అచ్చేసింది. న్యూస్‌ప్రింట్ వెలుతురు తగిలితే త్వరగా పసుపెక్కుతుంది, పెళుసుబారుతుంది. మందపాటి ఆర్ట్ పేపర్ మీద తర్వాత వేసిన ప్రతి చూడ్డానికి ఎంతో నిండుగా ఉండవచ్చు. రెండూ ఎదురుగా పెడితే నేను పసుపెక్కిన పత్రిక కాగితాన్నే తీసుకుంటాను. ఆమ్లం లేని ఫోల్డర్‌లో, వెలుతురుకు దూరంగా దాస్తాను.