సూది లేకపోయినా కళ్లద్దాలు ఉండాల్సిందే
లేజర్ ఆక్యుపంక్చర్ అంటే ఆక్యుపంక్చర్ బిందువుల మీద సూదికి బదులు లేజర్ కాంతి వేయడం. సూది గుచ్చరు కాబట్టి ఇందులో ఏ ప్రమాదమూ లేదని ఒక వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. మా అమ్మ రక్తం పలచబడే మందులు వాడుతుంది, మోకాళ్ల నొప్పికి ఇదే చేయించాం. సూదులైతే ఎక్కడ కమిలిపోతుందోనని భయం. ఇందులో చర్మం తెగదు కాబట్టి ఆ బెంగా లేదు, ఇన్ఫెక్షన్ గొడవా లేదు. కానీ మొదటిరోజు ఆమెకి కళ్లద్దాలు పెట్టలేదు, నేను అడిగాకే ఇచ్చారు. వాడేది మిల్లీవాట్లలో కొలిచే కాంతే, చాలాసార్లు ఒంటికి వెచ్చగా కూడా తగలదు. అదే కాంతి నేరుగా కంట్లో పడితే రెటీనా (కంటి లోపల వెనకవైపుండే, చూపునిచ్చే పొర) దెబ్బతినొచ్చు. తరంగదైర్ఘ్యం 800 నానోమీటర్లు దాటిన పరారుణ కిరణమైతే మరీ ప్రమాదం, అది దాదాపు కనిపించదు కాబట్టి రెప్ప కూడా వేయం. చేసేవాళ్లూ, చేయించుకునేవాళ్లూ, పక్కన కూర్చున్నవాళ్లూ ఆ తరంగదైర్ఘ్యానికి సరిపడే అద్దాలే పెట్టుకోవాలి, మామూలు చలువ కళ్లద్దాలు పనికిరావు. నొప్పి సంగతంటారా, అమ్మకి కాస్త తగ్గింది. అయితే వ్యాయామం కూడా అప్పుడే మొదలుపెట్టింది, దేనివల్ల తగ్గిందో చెప్పలేను. డాక్టరు రాసిన మందులు మాత్రం ఒక్కరోజు కూడా ఆపలేదు.