బియ్యం బస్తా దింపేసి వచ్చేస్తే సరిపోదు

డిసెంబర్ వచ్చిందంటే చెన్నైలో తెలుగు ఆరాధన జరిగే క్రైస్తవ సంఘాలు చాలావరకు వలస కూలీల షెడ్ల వైపు బయలుదేరతాయి. యూత్ వాళ్లు వ్యాను మాట్లాడతారు. స్త్రీల సమాజం అన్నం పొట్లాలు కడుతుంది. దుప్పట్లు, బియ్యం, పిల్లలకు కొత్త బట్టలు పంచుతారు. మంచి పనే, ఆపమని ఎవరూ అనరు. కానీ పలాస నుంచో ఇచ్ఛాపురం నుంచో వచ్చి ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) పక్కన రేకుల షెడ్డులో కాపురం పెట్టిన కుటుంబానికి మిగతా పదకొండు నెలల్లో ఎదురయ్యే చిక్కులు బియ్యంతో తీరేవి కావు. ఆ చిక్కుల్లో తోడు నిలబడగల బలం ఈ ఊళ్లో అందరికంటే సంఘాలకే ఎక్కువ ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ఆ బలాన్ని మనం వాడటం లేదు.

2014 జూన్ 28న పోరూరు దగ్గర మౌళివాక్కంలో కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లు. వారం తర్వాత తిరువళ్లూరు జిల్లాలో గోదాము గోడ కూలి మరో 11 మంది పోతే, అక్కడా ఉత్తరాంధ్ర వాళ్లే ఎక్కువ. 2020 లాక్‌డౌన్‌లో చెన్నైలో చిక్కుకుపోయిన శ్రీకాకుళం మత్స్యకారులు కొందరు పడవ కొనుక్కుని సముద్రం మీదుగా సొంతూరు చేరారు. రాష్ట్రం దాటి పనికి వెళ్లే కూలీల కోసం 1979లోనే చట్టం చేశారు. అయినా మేస్త్రీ చేతి కింద సెంట్రింగ్ పని చేసే మనిషి పేరు ఏ రిజిస్టర్‌లోనూ ఉండకపోవడం నేటికీ మామూలే. కాగితం మీద లేని మనిషికి ఏ హక్కూ అందదు.

సంఘం పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. మన సంఘాల్లో ఎవరున్నారో ఒకసారి చూడండి. ప్రభుత్వాసుపత్రి నర్సులు, కార్పొరేషన్ బడి టీచర్లు, బ్యాంకు గుమాస్తాలు, రైల్వే వాళ్లు, ఒకరిద్దరు లాయర్లు. రెండు మూడు తరాల కిందట ఇక్కడికొచ్చిన కుటుంబాలు కాబట్టి ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం రెండూ తడుముకోకుండా వస్తాయి. పైగా వీళ్లంతా వారం వారం ఒకే చోట కలుస్తారు. ఇలాంటి బృందాన్ని కొత్తగా కూడగట్టాలంటే ఏ స్వచ్ఛంద సంస్థకైనా ఏళ్లు పడుతుంది.

రేషన్ సంగతే తీసుకోండి. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' పథకంలో తమిళనాడు 2020 అక్టోబర్‌లో చేరింది. ఆంధ్ర కార్డు జాతీయ ఆహార భద్రతా చట్టం కింద ఉన్నదైతే చెన్నై రేషన్ షాపులోనూ వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు. ఊళ్లో ఉన్న ముసలివాళ్లు తమ వాటా అక్కడ, వీళ్లు తమ వాటా ఇక్కడ తీసుకునే వీలుంది. రాష్ట్రం సొంతంగా ఇచ్చిన కార్డుకు మాత్రం ఈ సౌకర్యం లేదు. తన కార్డు ఏ రకమో షెడ్డులో ఉన్న మనిషికి తెలియదు. షాపులో 'ఇల్లై' (లేదు) అనగానే వెనక్కి తిరిగి వచ్చేస్తాడు. తమిళం వచ్చిన మనిషి ఒక్కసారి వెంట వెళ్తే అతనికి నెలనెలా బియ్యం అందే దారి దొరుకుతుంది.

కాన్పు విషయం ఇంకా సున్నితం. తమిళనాడులో గర్భిణి వివరాలు పిక్మీ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ రిజిస్టర్‌లో నమోదై నంబర్ రావాలి. బిడ్డ జనన ధ్రువపత్రానికి ఆ నంబర్ అడుగుతారు. జననం 21 రోజుల్లో నమోదు కావాలి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టినవాళ్లకు బడిలో చేరడం నుంచి ఆధార్ దాకా ఆ పత్రమే ఆధారం. నెలలు నిండే దాకా సైట్‌లో ఇటుకలు మోసే ఆడమనిషికి ఇదంతా ఎవరు చెప్పాలి? మన సంఘంలోని నర్సు పది నిమిషాలు కూర్చుని చెబితే ఆ ఇంటికి ఎంత టెన్షన్ తప్పుతుందో!

ఇక పిల్లలు. టీసీ ఆలస్యమైందనో వయసు రుజువు లేదనో బడిలో చేర్చుకోకుండా ఉండకూడదని 2009 విద్యా హక్కు చట్టం చెబుతోంది. ఇక్కడ ప్రభుత్వ ప్రాథమిక బడిలో చేరితే మధ్యాహ్న భోజనం ఉంటుంది. 2023 ఆగస్టు నుంచి రాష్ట్రమంతటా పొద్దుటి టిఫిన్ కూడా పెడుతున్నారు. బడిరోజుల్లో రెండు పూటల తిండికి, చదువుకు దారి చూపించే ఈ ఒక్క పని క్రిస్మస్ పంపకాలన్నింటికంటే పెద్దదని నా అభిప్రాయం. అడ్డంకల్లా భాష. 2006 చట్టం తర్వాత ఇక్కడ తమిళం తప్పనిసరి అయింది. నాలుగో తరగతి మధ్యలో టెక్కలి నుంచి వచ్చిన పిల్లకు తమిళ అక్షరం కనబడితే గుండె జారిపోతుంది. మన సండే స్కూల్ గదులు వారంలో ఆరు రోజులు తాళం వేసే ఉంటాయి. సాయంత్రం గంటసేపు అక్కడ తమిళ అక్షరాలు దిద్దించడానికి కాలేజీ పిల్లలు చాలు.

ఒక షరతు మాత్రం ఉంది. ఆ గదిలోకి వచ్చే పిల్ల ఆదివారం ఆరాధనకు రావాలని ఎవరూ అడగకూడదు. ఈ కుటుంబాల్లో ఎక్కువమంది సంక్రాంతికి, గ్రామదేవత పండగకు ఊరెళ్లేవాళ్లు. పక్క షెడ్డులో ఒడియా వాళ్లుంటారు, వాళ్లనూ వదిలేయకూడదు. తెలుగు క్రైస్తవులకు ఇది కొత్త పాఠమేమీ కాదు. 1876-78 కరువులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి కూలి డబ్బులు చెల్లించాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని కరువు తీరే దాకా బాప్తిస్మాలు ఆపేశాడు. ఓఎంఆర్ షెడ్ల పక్కన ఈరోజు మురుగుతో నిండి కనిపించేది ఆ కాలువే. సాయం తీసుకున్నవాళ్లను వరసగా నిలబెట్టి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టే మన అలవాటును ఆ చరిత్ర పక్కన పెట్టి చూస్తే నాకు బాధ కలుగుతుంది.

సంఘ పెద్దలు సాధారణంగా చెప్పే అభ్యంతరం, ఇవన్నీ ప్రభుత్వం పనులని. నిజమే, ప్రభుత్వం పనులే. వాటిని ప్రభుత్వం చేత చేయించడానికి కూలీ పక్కన ఒక మనిషి కావాలి. పైకి చెప్పని అభ్యంతరం ఇంకొకటి ఉంది. కొన్ని సంఘాల్లో పెద్ద కానుకలు వేసేది కాంట్రాక్టర్లే. కూలీల హక్కుల మాట ఎత్తితే వాళ్లు నొచ్చుకుంటారేమోనని భయం. నేనైతే మొదట వాళ్లతోనే మాట్లాడమంటాను. నిర్మాణ ఖర్చులో ఒక శాతం సెస్సు కార్మికుల సంక్షేమం కోసమే వసూలవుతుంది. భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదుకు కూలీ ఏడాదిలో 90 రోజులు పని చేసినట్టు చూపించాలి. ఆ మాట అందరికంటే తేలిగ్గా రాసి ఇవ్వగలిగింది పని ఇచ్చినవాళ్లే. సంఘంలో ఉన్న కాంట్రాక్టర్ తన సైట్‌లోని వాళ్లందరి పేర్లు, ఊళ్లు, ఇంటి ఫోన్ నంబర్లు రిజిస్టర్‌లో రాయించి ఆ 90 రోజుల పత్రం మీద సంతకం పెడితే, అతను వేసే కానుక కంటే అది పెద్ద సేవ. దానికి డిసెంబర్ దాకా ఆగక్కర్లేదు. పాస్టర్ గారు వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అడగొచ్చు.