పిల్లల్లేని ఇళ్ళు కట్టి బడి నడుపుతున్న ఊరు

అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు పడమర దిక్కున, వర్జీనియాలో ఫాల్స్ చర్చ్ అనే చిన్న నగరం ఉంది. విస్తీర్ణం సుమారు 2 చదరపు మైళ్ళు. ఒక చివర నుంచి నడక మొదలుపెడితే గంటలో రెండో చివరకు చేరిపోవచ్చు. 2020 లెక్కల ప్రకారం జనాభా 14,658. మన దగ్గరైతే మేజర్ పంచాయతీ అనేస్తాం. కానీ ఈ ఊరు ఏ కౌంటీలోనూ (మన జిల్లా లాంటిది) భాగం కాదు. సొంత కౌన్సిల్, సొంత పోలీసులు, సొంత బడులు, సొంత పన్ను రేటు. ఇలాంటి స్వతంత్ర నగరాలు వర్జీనియాలో 38 ఉన్నాయి. దేశంలో మిగతా చోట్లన్నీ కలిపి మూడే: బాల్టిమోర్, సెయింట్ లూయిస్, కార్సన్ సిటీ. తమాషా ఏమిటంటే, ఈ ఊరి పేరు పెట్టుకున్న మెట్రో స్టేషన్లు రెండున్నా ఒక్కటి కూడా ఊరి హద్దుల్లో లేదు.

పదిహేనేళ్ళుగా ఇక్కడ తెగని గొడవ ఒకటే, అపార్ట్‌మెంట్లు. ఊరి ప్రధాన వీధి బ్రాడ్ స్ట్రీట్ పొడుగునా ఒకప్పుడు ఒంటి అంతస్తు షాపులు, వాటి ముందు కార్లు పెట్టుకునే ఖాళీ జాగాలు ఉండేవి. ఇప్పుడు అక్కడ ఐదారంతస్తుల భవనాలు లేచాయి. కింద సూపర్ మార్కెట్, రెస్టారెంట్లు, పైన ఫ్లాట్లు. ఊరు ఊరులా లేదని పాతవాళ్ళ బాధ. ట్రాఫిక్ పెరిగిందని, బడి నిండిపోతుందని మరికొందరి టెన్షన్. ఆ బాధ నాకు అర్థమవుతుంది. కానీ ఈ అపార్ట్‌మెంట్లే లేకపోతే వాళ్ళు కాపాడుకోవాలనుకుంటున్న ఊరికి నగర హోదా ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ఈ ఊరు 1948లో స్వతంత్ర నగరం అయ్యిందే బడి కోసం. పక్కనున్న ఫెయిర్‌ఫాక్స్ కౌంటీ పెత్తనం లేకుండా తమ పిల్లల చదువు తామే చూసుకోవాలన్నది అప్పటివాళ్ళ పట్టుదల. అమెరికాలో ప్రభుత్వ బడి ఖర్చులో పెద్ద భాగం స్థానిక ఆస్తి పన్ను నుంచే వస్తుంది. అంటే ఊరు చిన్నదైనా సరే బడి ఖర్చు చాలావరకు ఊరివాళ్ళే భరించాలి. పెద్ద కౌంటీలో ఒక కొత్త బడి కట్టాలంటే ఆ ఖర్చు లక్షల మంది మీద పడుతుంది. ఇక్కడ పద్నాలుగు వేల మంది మీద పడుతుంది. పోనీ హద్దులు పెంచుకుందామంటే, నగరాలు పక్క కౌంటీల భూమిని కలుపుకోకుండా 1987 నుంచి వర్జీనియా నిషేధం పెట్టింది. పక్కకు పెరిగే వీల్లేని ఊరికి పైకి పెరగడమే మిగిలింది.

ఒక ఎకరంలో పాత బ్యాంకు, దాని ముందు పార్కింగ్ ఉంటే ఆ స్థలానికి వచ్చే పన్ను కొంతే. అక్కడే ఆరంతస్తులు లేస్తే ఆస్తి విలువ అనేక రెట్లవుతుంది, పన్నూ అలాగే. కింద రెస్టారెంటు నడిస్తే భోజనం బిల్లు మీద 4 శాతం, షాపు నడిస్తే అమ్మకాల మీద 1 శాతం నగరానికే వస్తాయి. 2020 ప్రాంతంలో ఇక్కడ ఇంటి పన్ను వంద డాలర్ల విలువకు 1.355 డాలర్లు. నాలుగైదేళ్ళలో 1.21కి దిగింది. తొమ్మిది లక్షల డాలర్ల ఇంటి మీద లెక్కేస్తే ఏడాదికి 1,305 డాలర్ల తేడా. ఇళ్ళ విలువలు కూడా పెరిగాయి కాబట్టి చేతికొచ్చే బిల్లులో అంత తగ్గుదల కనిపించదు. అందుకే అపార్ట్‌మెంట్ల వల్ల మాకు ఒరిగిందేమిటని అడిగేవాళ్ళు ఉన్నారు. రేటు దిగకపోతే ఆ బిల్లు ఇంకెంత ఉండేదో ఊహించుకోవాలి.

అన్నిటికన్నా చూడదగ్గది హైస్కూలు కథ. 2014లో నగరం తన నీటి సరఫరా వ్యవస్థను కౌంటీ నీటి సంస్థ ఫెయిర్‌ఫాక్స్ వాటర్‌కు 40 మిలియన్ డాలర్లకు అమ్మింది. ఆ ఒప్పందంలో భాగంగా, అప్పటిదాకా కౌంటీ హద్దులో ఉన్న బడి స్థలాలు నగరంలోకి వచ్చాయి. 2017లో కొత్త హైస్కూలుకు 120 మిలియన్ డాలర్ల అప్పుకు ఓటర్లు సరేనన్నారు. పద్నాలుగు వేల మంది ఊరికి అది చిన్న అప్పు కాదు. అందుకని బడి స్థలంలోంచి పదెకరాలు విడదీసి, 99 ఏళ్ళ లీజుకు బిల్డర్లకు ఇచ్చారు. వెస్ట్ ఫాల్స్ అని ఇప్పుడు అక్కడ లేచినవి ఆ బిల్డర్లు కట్టిన భవనాలే. లీజు డబ్బు, వాటి మీద వచ్చే పన్ను బడి అప్పుకు ఆసరా. అంటే అపార్ట్‌మెంట్లు బడిని ముంచేస్తాయని భయపడే ఊళ్ళో, బడి అప్పు తీరడమే అపార్ట్‌మెంట్ల మీద ఆధారపడి ఉంది.

ఆ పదెకరాల్లో ఏమేం వచ్చాయో చూస్తే ఇంకో సంగతి బయటపడుతుంది. అద్దె ఫ్లాట్లు, కాండోలు (సొంతానికి కొనుక్కునే ఫ్లాట్లు), హోటల్, డాక్టర్ల ఆఫీసులు, వృద్ధుల నివాసం. ఊళ్ళో ఫౌండర్స్ రో అనే మరో ప్రాజెక్టులో ఒక భవనం 55 ఏళ్ళు దాటినవాళ్ళకే. ఇవన్నీ యాదృచ్ఛికంగా వచ్చినవి కావు. వచ్చేవాళ్ళు పన్ను కట్టాలి, బడికి పిల్లల్ని పంపకూడదు, అదీ ఆలోచన. కొత్త ప్రాజెక్టు వచ్చినప్పుడల్లా ఇది ఎంతమంది విద్యార్థుల్ని తెస్తుంది, ఎంత పన్ను తెస్తుంది అని కౌన్సిల్ లెక్క చూసుకుంటుంది. బిల్డర్ల నుంచి బడి కోసం కొంత సొమ్ము, తక్కువ అద్దె ఫ్లాట్లు కొన్ని రాబట్టుకుంటుంది. సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు ఎక్కువుంటే లెక్క బాగా కుదురుతుంది.

నాకు ఇబ్బందిగా అనిపించేది అపార్ట్‌మెంట్ ఎత్తు కాదు, ఈ లెక్క. పిల్లల చదువు కోసం పుట్టిన ఊరు, పిల్లల్లేని అద్దెదారు కోసం ఎదురుచూడటం ఏమిటి? పైగా ఆ అంచనా ఎన్నాళ్ళు నిలుస్తుందో! ఉత్తర వర్జీనియాకు వచ్చే మనవాళ్ళనే చూడండి. ఫోన్‌లో ముందు తెరిచేది స్కూల్ రేటింగ్. ఆ తర్వాతే అద్దె, ఆ తర్వాతే ఆఫీసుకు దూరం. సొంతిల్లు కొనేదాకా టూ బెడ్‌రూమ్‌లో ఇద్దరు పిల్లలు, ఆర్నెల్లు అమ్మమ్మ, ఆర్నెల్లు నానమ్మ. హాల్లో ఓ మూల మడతపెట్టిన పరుపు. మంచి బడి పక్కన టూ బెడ్‌రూమ్ ఫ్లాటు కడితే అందులోకి ఎవరొస్తారో చెప్పడానికి కన్సల్టెంట్ అక్కర్లేదు. నన్నడిగితే, వాళ్ళు రావాలి కూడా. అక్కడ సొంతిల్లు కొనే స్తోమత లేనివాళ్ళకు ఆ బడి తలుపు తెరిచేది ఆ ఫ్లాటే.

స్వతంత్రం నిలుపుకోలేక వదులుకున్న ఊళ్ళు అదే రాష్ట్రంలో ఉన్నాయి. సౌత్ బోస్టన్ 1995లో, క్లిఫ్టన్ ఫోర్జ్ 2001లో, బెడ్‌ఫర్డ్ 2013లో నగర హోదా వదిలేసి కౌంటీల్లో కలిసిపోయాయి. మన మణికొండ సంగతి ఇంకో రకం. 2018లో మున్సిపాలిటీ అయింది, ఆకాశాన్నంటే టవర్లు లేచాయి, 2025 చివర్లో జీహెచ్‌ఎంసీలో కలిసింది. రిజిస్ట్రేషన్ ఆదాయంలో సింహభాగం రాష్ట్రానిది, బడి ఖర్చు మున్సిపాలిటీది కాదు. అందుకే టవర్ వస్తే బడికేమవుతుందన్న ప్రశ్న అక్కడి మున్సిపాలిటీలో ఎవరికీ రాలేదు. ఫాల్స్ చర్చ్‌లో ప్రతి భవనానికీ ముందుగా వచ్చే ప్రశ్నే అది.

ఈసారికి లెక్క కుదిరింది. అమ్మడానికి నీటి వ్యవస్థ ఉండింది, లీజుకివ్వడానికి పదెకరాలుండినాయి. ఆ ఫ్లాట్లలోకి వచ్చిన పిల్లలతో ఇంకో బడి అవసరమైన రోజున నగరం చేతిలో అలాంటి పదెకరాలు మరోచోట లేవు.