కాలువలు కట్టేసే రోజులు కెమెరాకూ కావాలి

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే ఇంటి అరుగు మీద ఒక గంట కూర్చుంటే చాలు, ఈ వ్యాసంలో నేను వాదించబోయేదంతా కళ్ళముందే కనిపిస్తుంది. బోర్లించిన కుండ, దాని కింద ఎండు మట్టల మంట, పక్కన గిన్నెలో నీళ్ళలాంటి బియ్యప్పిండి జావ. ఆమె పలుచటి గుడ్డను జావలో ముంచి కుండ వీపు మీద ఒక్కసారి పరిచి లాగుతుంది. రెప్ప వేసి తెరిచేలోగా రేకు ఆరి అంచు లేస్తుంది. గోటితో పట్టుకుని తీసి పక్కన పేర్చి, మళ్ళీ గుడ్డ ముంచుతుంది. నేనున్న గంటలో ఇద్దరు కుర్రవాళ్ళు విడివిడిగా వచ్చారు. ఇద్దరూ ఫోను నిలువుగా పట్టుకుని, రేకు లేచే ఆ ఒక్క క్షణాన్నే నాలుగైదు సార్లు తీసుకుని వెళ్ళిపోయారు. జావ ఎంత పలుచగా ఉండాలి, కుండ వేడి సరిపోయిందని చేతికి ఎలా తెలుస్తుంది, ఏ బియ్యం పనికొస్తాయి, ఏవి పనికిరావు అని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. ఇప్పటిదాకా ఎంతమంది వచ్చి తీశారని అడిగితే, “లెక్కెక్కడిదండీ, అందరూ ఇదే తీస్తారు” అంది ఆమె, కుండ మీద నుంచి చూపు తిప్పకుండానే.

ఆ కుర్రవాళ్ళను తప్పుపట్టి చేతులు దులుపుకోవడం నాకు ఇష్టం లేదు. వాళ్ళకు చూడటం రాక కాదు, నిలబడి చూసే తీరిక లేదు. సాయంత్రానికి ఒక రీలు పెట్టాలి. రేపటికి మరొకటి కావాలి. 2020 జూన్ చివర టిక్‌టాక్ నిషేధం, వెనువెంటనే వచ్చిన రీల్స్, ఆ సెప్టెంబరులో మన దేశంలోనే మొదలైన షార్ట్స్, ఈ కథ అందరికీ తెలిసిందే. అప్పటి నుంచి రావులపాలెం నుంచి నరసాపురం దాకా వీడియోలు చేసే ప్రతి పిల్లవాడూ నమ్మే సూత్రం ఒక్కటే: రోజూ పెట్టకపోతే అల్గారిథం మనల్ని మరచిపోతుంది. ఈ సూత్రం తప్పని నా వాదన. మిగతా చోట్ల సంగతి ఎలా ఉన్నా, గోదావరి డెల్టాలో పుట్టినవాడు నమ్మకూడని సూత్రమిది.

ఎందుకంటే ఆపడం ఎంత విలువైన పనో మన కాలువలు ఏటా చూపిస్తాయి. ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలై 1852లో ఆనకట్ట పూర్తయ్యాక ఈ నేల తీరే మారిపోయింది. ఇప్పటి కాటన్ బ్యారేజీకి 175 గేట్లు. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు కలిపి సుమారు పది లక్షల ఎకరాల ఆయకట్టు. ఇంత పెద్ద వ్యవస్థను కూడా, దాళ్వా అనే రెండో పంట కోతల వేళకు నీళ్ళు ఆపి, ఏప్రిల్‌లో, కట్టేస్తారు. పూడిక తీస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు, లాకుల తలుపులు బాగుచేస్తారు, గట్లు పోస్తారు. జూన్‌లో సార్వాకు, అంటే తొలి పంటకు, మళ్ళీ నీళ్ళు వదులుతారు. కాలువ కట్టేశారు కాబట్టి గోదావరి మనల్ని మరచిపోతుందని ఏ రైతూ కంగారుపడడు. కట్టేయని ఏడాది పనులు జరగక, చివరి భూములకు నీరందక ఎంత గొడవ అవుతుందో శివారు రైతును అడగండి. దాళ్వాలో నీరు చాలనప్పుడు వంతులవారీగా ఇస్తారు. ఎవరికి ఏ రోజు, ఎన్ని గంటలు అన్న లెక్కతో, కాలువ నీళ్ళ పని చూసే లస్కరు తూము ఎత్తుతాడు, దించుతాడు. డెల్టాను డెల్టాగా నిలబెట్టింది నది ఎంత ఇచ్చిందో అదొక్కటే కాదు, ఎప్పుడు తెరవాలో ఎప్పుడు మూయాలో మనుషులు నిర్ణయించుకోవడం.

ఫోను విషయంలో ఆ తూము మన చేతిలో లేదు. నేను రెండేళ్ళు ఒక చిన్న ఛానెల్ నడిపాను. పి.గన్నవరం అక్విడక్టు మీద, గోదావరి పాయ వైనతేయ పైనుంచి కాలువ ఎలా దాటుతుందో చెబుతూ చేసిన వీడియో పెట్టిన రాత్రి, ఎందరు చూశారో తెలుసుకోవడానికి ఎన్నిసార్లు లేచానో లెక్క లేదు. మర్నాడు లాకు దగ్గర ఒక పెద్దాయనతో మాట్లాడుతూనే జేబులోని ఫోను మోగిందేమోనని తడుముకున్నాను. ఆయన చెబుతున్న మాట సగం పోయింది. ఆ సగం ఇప్పటికీ నా దగ్గర లేదు, ఆయనా లేడు. చూసే సమయం, తీసే సమయం వేరు చేసుకోకపోతే పోయేది మన ప్రశాంతత ఒక్కటే కాదు. ఎదుటి మనిషి చెబుతున్న విషయం కూడా పోతుంది. అప్పటి నుంచి తీయడానికి వెళ్ళేటప్పుడు డేటా ఆపేస్తాను. వ్యాఖ్యలు వారానికి ఒక్కసారి, కూర్చుని చదువుతాను. ఇంతకంటే గొప్ప క్రమశిక్షణ నాకు తెలియదు, దీనికే పని తీరు మారిపోయింది.

రోజూ పెట్టకపోతే డబ్బులు రావన్నవాళ్ళ మాట కూడా వినాలి. కెమెరాకు వాయిదాలు కట్టాలి. ఇంట్లో వాళ్ళు ఉద్యోగం ఎప్పుడని అడుగుతుంటారు. ఒక్క రీలు లక్షల మందికి చేరి జీవితం మారిపోయినవాళ్ళు నిజంగానే ఉన్నారు. పదిసార్లు పెడితేనే చేయి తిరుగుతుందన్నదీ నిజమే, నేర్చుకునే రోజుల్లో ఎక్కువగా చేయడం తప్పు కాదు.

కానీ లెక్క వేద్దాం. యూట్యూబ్ ప్రకటనల ఆదాయంలో వాటా కావాలంటే వెయ్యి మంది చందాదారులతో పాటు రెండు దారుల్లో ఒకటి పట్టాలి. ఏడాదిలో 4,000 గంటల వీక్షణ, లేదా 90 రోజుల్లో కోటి షార్ట్స్ వీక్షణలు. రెండో దారిలో రోజుకు లక్షా పదకొండు వేల వీక్షణలు రావాలి. మొదటి దారి చూడండి. 4,000 గంటలంటే 2,40,000 నిమిషాలు. ఒక్కొక్కరు సగటున అయిదు నిమిషాలు చూస్తే 48,000 వీక్షణలు సరిపోతాయి. అంటే రోజుకు 130 మందికి కాస్త ఎక్కువ. మీ దగ్గర ఇరవై మంచి వీడియోలు ఉంటే ఒక్కో వీడియోకు రోజుకు ఏడుగురు చాలు. ఏడుగురు! ఒక వీధి అరుగు మీద పట్టేంత మంది. ఫీడులో వేలితో తోసేసే షార్ట్స్ వీక్షణ ఈ గంటల్లో లెక్కకు రాదు. కాబట్టి రోజుకో ముప్పై సెకన్ల ముక్క పెడుతూ ఏడాది అలసిపోయినవాడు, నెలకు రెండు నిదానమైన వీడియోలు చేసినవాడికంటే ముందున్నాడని ఎవరూ అనలేరు. రోజూ లక్ష మందిని వెంటాడాలా, తనంతట తాను వెదుక్కుంటూ వచ్చే ఏడుగురికి ఉపయోగపడాలా? నాకు ఇందులో సందేహమే లేదు.

ఆ ఏడుగురు ఎవరు? మామిడికుదురులో కొబ్బరాకు మీద మసి పేరుకోవడం చూసి, ఇదేమిటని తెలుగులో వెదికే రైతు ఒకరు. అది 2016లో మన దేశంలో మొదటిసారి కనిపించిన సర్పిలాకార తెల్లదోమ పని కావచ్చు. ఆకు అడుగున చుట్టలు చుట్టలుగా గుడ్లు ఎలా ఉంటాయి, మసి ఎందుకు పడుతుంది, మందు కొట్టడం కంటే మిత్ర పురుగులు ఎందుకు మేలు, అంబాజీపేట ఉద్యాన పరిశోధన కేంద్రంలో ఏం ఇస్తారు అన్నది ఆకును తిప్పి చూపిస్తూ పది నిమిషాలు చెప్పే వీడియో ఈ రోజే కాదు, మూడేళ్ళ తర్వాత కూడా ఎవరో ఒకరు చూస్తారు. భీమవరం పక్కన మొదటిసారి వనామీ రొయ్యల చెరువు వేసిన కుర్రవాడు మరొకరు. తెల్లవారుజామున రొయ్యలు పైకి తేలితే ఏం చేయాలో అతనికి అప్పటికప్పుడు కావాలి. ‘కోనసీమ అందాలు’ అని పెట్టిన డ్రోన్ దృశ్యం అతనికి ఎందుకు?

పులస సంగతి చూడండి. గోదావరికి ఎర్రనీరు తగలగానే, ఏటా, యానాం రేవులో పులస ఎంత పలికిందో చెప్పే వీడియోలు వరదలా వస్తాయి. పుస్తెలమ్మి అయినా పులస తినాలన్న సామెత ప్రతి దాంట్లోనూ ఉంటుంది. సముద్రంలో ఇలసగా తిరిగిన చేప గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురెక్కి మంచినీటిలో పులస అవుతుందనీ, ధవళేశ్వరం దగ్గర దానికి దారి మూసుకుపోతుందనీ, గుడ్లు పెట్టకముందే వలలో పడితే వచ్చే ఏటి చేప కూడా పోయినట్టేననీ చెప్పేవి ఎన్ని? ధర అందరూ చెబుతారు. ఆ ధర ఎందుకు అంతకంతకు పెరుగుతోందో వలవేసే మత్స్యకారుడికి తెలుసు, అతన్ని అడిగేవాడు కావాలి.

వరదల్లో ఇది ప్రాణాల మీదికి వస్తుంది. 2022 జూలైలో ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి వెళ్ళింది. ఆ రోజుల్లో గట్టు తెగిందంటూ ఒక వీడియో నా ఫోనుకు మూడు వైపుల నుంచి వచ్చింది. అందులో కనిపించిన బండ్ల నంబర్లు మన రాష్ట్రానివే కావు. లంక గ్రామాల వాళ్ళకు ఆ రాత్రి కావలసింది ఒక్కటే. బ్యారేజీ దగ్గర ఎన్ని గంటలకు ఎన్ని అడుగులు ఉంది? 11.75 మొదటి హెచ్చరిక, 13.75 రెండోది, 17.75 మూడోది. ఈ మూడు అంకెలు తెలిసిన మనిషి సామాను ఎప్పుడు సర్దుకోవాలో, గొడ్లను ఎప్పుడు గట్టెక్కించాలో తానే తేల్చుకుంటాడు. ఊరు, తేదీ, గంట లేని వరద దృశ్యం ఎంత బాగా తీసినా పెట్టకూడదు. ఇందులో నాకు మధ్యేమార్గం కనిపించడం లేదు.

ప్రకటనల గురించి ఒక్క మాట. సంక్రాంతి బరుల దగ్గర తీసిన వీడియోల కింద పందెం యాప్‌ల పేర్లు వేసి డబ్బు తీసుకున్నవాళ్ళను చూశాం. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలకు ప్రచారం చేసినవారికి రెండేళ్ళ జైలు, 50 లక్షల జరిమానా దాకా పెట్టింది. చట్టం లేకపోయినా, మన ముఖం చూసి నమ్మిన పిల్లవాడు అప్పులపాలైతే ఆ డబ్బు మనకు ఎలా జీర్ణమవుతుంది?

ఇప్పుడు అసలు బాధ చెబుతాను. ఈ డెల్టా తన పనికి తాను మాటలు తయారుచేసుకున్న నేల. దమ్ము, ఊడ్పు, బోదె, తూము, లాకు, పంటు, పర్ర, మొగ, లంక. కొబ్బరి తోటలోనే చెట్టెక్కి కాయలు దించే దింపు ఒక పని, పీచు వలిచే వలుపు మరొక పని, వాటికి వేరువేరు మనుషులు, వేరువేరు కూలి. ఒక్కో మాట వెనుక ఒక్కో లెక్క, ఒక్కో ఒడుపు ఉంది. ఆ ఒడుపు పుస్తకాల్లో పెద్దగా ఎక్కలేదు. మార్టేరు పరిశోధన కేంద్రం 1925 నుంచి వరి మీద చేసిన పని కాగితాల్లో ఉంది. అక్కడి వరి రకాలు స్వర్ణను, కాటన్ దొర సన్నాలను ఏళ్ళ తరబడి పండించిన రైతు కంటితో నేర్చింది ఎక్కడ ఉంది? నరసాపురం ఆడవాళ్ళు అల్లే లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, పూతరేకుకూ వచ్చింది. గుర్తింపు పత్రం పేరును కాపాడుతుంది, చేతిని కాపాడలేదు. పిల్లలు హైదరాబాదుకో, గల్ఫ్‌కో వెళ్ళిపోతున్నారు. నేర్చుకునేవాళ్ళు లేక ఆ పని చేతుల్లోనే ముగిసిపోతోంది. సరిగ్గా ఈ సమయంలోనే ప్రతి ఊళ్ళో మంచి కెమెరా ఉన్న ఫోను ఉండటం మన తరానికి దొరికిన అదృష్టం. దాన్ని వెనక సినిమా పాట, ముందు కొబ్బరాకుల వరుస తీయడానికి వాడేసుకుంటున్నాం. ఆ వీడియోల్లో డెల్టా కనిపిస్తుంది, డెల్టా మాట ఒక్కటీ వినిపించదు.

తెలుగులో వెదికితే పని చేసే పద్ధతి దొరకాలి. వంటలు దొరుకుతున్నాయి, సినిమా కబుర్లు దొరుకుతున్నాయి. ఏరు దాటించే పంటు ఎలా నడుపుతారు, లాకులో పడవ మట్టం ఎలా మారుతుంది, పర్ర భూమిలో ఉప్పు ఎలా కడుగుతారు అంటే దొరకదు. భాషను బతికించాలని సభలు పెట్టేవాళ్ళను నేను గౌరవిస్తాను. కానీ భాష బతికేది అందులో పని జరిగినప్పుడు. ఆ పనిని, చేసేవాళ్ళ మాటల్లోనే, వాళ్ళ గొంతుతోనే పట్టుకోగలిగినవాడు ఇవాళ వీడియో చేసే కుర్రవాడే. విశ్వవిద్యాలయాలు చేయలేని పని అతను చేయగలడు. ముందు అడగాలి, తీసింది వాళ్ళకు చూపించాలి, పేరు వేయవచ్చో లేదో కనుక్కోవాలి, వీడియోకు డబ్బు వస్తే అందులో వాళ్ళకు కొంత ఇవ్వాలి. పూతరేకు తీసే ఆమె గంట పని ఆపి మాట్లాడితే ఆ గంట కూలి ఎవరు ఇస్తారన్నది చిన్న ప్రశ్న కాదు.

ఈ వేసవిలో కాలువలు కట్టేసిన నెలన్నర నేను ఏమీ పెట్టలేదు. అంబాజీపేట దగ్గర ఒక ఊళ్ళో, నలభై ఏళ్ళు దింపు చేసి మోకాళ్ళు పట్టేసి మానుకున్న ఒక పెద్దాయన ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాను. మొదటి మూడుసార్లు ఫోను బయటికి తీయలేదు. నాలుగోసారి మాటల్లో, చెట్టు మీద కత్తి వెనకతో కాయను తడితే వచ్చే శబ్దాన్ని బట్టి కాయ పక్వం చెప్పేవాణ్ణన్నాడు. లేతకాయకు ఒక శబ్దం, ముదురుకు ఒకటి, లోపల నీరు కదిలే కాయకు మరొకటి. ఆ మూడూ నాలుకతో చేసి చూపించాడు. గోడవార కూర్చున్న మనవడు ఆడుకుంటున్న ఫోను ఆపి తలెత్తాడు.

“మళ్ళీ ఒకసారి చెయ్యండి బాబాయ్” అని నా ఫోను అడ్డంగా తిప్పి ఎదురుగా పెట్టాను. ఆయన భుజం మీది తువ్వాలు సర్దుకుని, గొంతు సవరించుకుని, “అయితే ముందు లేతకాయ” అన్నాడు.